మిరప కుప్ప వైపు తిప్పిన గొట్టం

మిరప కుప్ప పక్కన బండి ఆపి, కావాలనే ఆక్సిలరేటర్ తొక్కాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదే. కాలు జారి అంత గట్టిగా పడిందని అందరికీ చెప్పాను. అది అబద్ధం.

నా పికప్‌లో ధర్మాబాద్ మార్కెట్‌కు మిరప బస్తాలు తోలుతాను. ముందు రోజే నాందేడ్‌లో సైలెన్సర్ తీయించి, వెనక చక్రానికి ముందే పక్కకు తిరిగే పొట్టి గొట్టం వెల్డింగ్ చేయించుకున్నాను. గొట్టం మరీ కిందికి ఉంది, దుమ్ము లేపుతుందని వెల్డర్ చెప్పాడు. వినలేదు. నలభై దాటినా, నా బండి వస్తుంటే జనం తిరిగి చూడాలన్న కోరిక నాకు చావలేదు.

మిరప వ్యాపారి సేటు కల్లంలో ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఎవరి కుప్ప వాళ్లది. సాయంత్రానికి అది ఒడవకపోతే, ఏ కొంచెం మిగిలినా, మరునాడు సేటు ఆ మనిషిని పనికి పిలవడు.

చివరన మా వాడకట్టు పెద్దమ్మ కూర్చుంది. ఆమెకు ఆయాసం ఉందని నాకు తెలుసు.

"ఏందిరా, నీ బండికి దగ్గు లేసిందా?" అంది. అందరూ నవ్వారు.

"దగ్గు కాదు పెద్దమ్మా, పులి! ఇను," అని తొక్కాను.

గొట్టం సరిగ్గా ఆమె కుప్ప వైపే ఉంది. వేడిగాలికి గింజలు, ఎర్రటి దుమ్ము లేచి ఆమె ముఖాన కొట్టాయి. మిగతావాళ్లు దగ్గుతూ పరుగెత్తారు. ఆమె లేవలేకపోయింది. నోరు తెరిచింది గానీ ఊపిరి అందలేదు.

నా బండి ఎక్కమంటే చేత్తో వద్దంది. ఆటోలో తీసుకెళ్లారు. నేను వెనకే ఉరికాను. ఆస్పత్రిలో ముఖానికి మాస్కు పెట్టి మందు పట్టారు. ఎంతోసేపటికి ఊపిరి కుదుటపడింది. అప్పుడు ఆమె అడిగిన మొదటి మాట, "నా కుప్ప ఎవలకన్న ఇచ్చిండా సేటు?"

చూసొస్తానని లేచాను. కల్లానికి తిరిగి వచ్చాను. కుప్ప అలాగే ఉంది. కాలు జారలేదని, కావాలనే అంత గట్టిగా తొక్కానని సేటు ముందు, ఆడవాళ్ల ముందు చెప్పాను. ఆమె చోటు ఎవరికీ ఇవ్వొద్దని బతిమాలి, అక్కడే కూర్చున్నాను.

"పులి తొడిమెలు తీస్తుంది సూడుండ్రే!" అంది ఒకామె. ఇంకొకామె నవ్వలేదు. "గట్ల గుంజకు, కాయ పలుగుతది. గిట్ల," అని చూపించింది.

పొద్దు గూకేసరికి కుప్ప ఒడిసింది. అరచేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండాయి. ఆ రాత్రే నాందేడ్ వెళ్లి, వెల్డర్‌ను నిద్ర లేపి, ఆ గొట్టం కోయించి పాత సైలెన్సర్ బిగించుకుని, మరునాడు పని వేళకు మళ్లీ ఆమె చోటులో కూర్చున్నాను. ఆ తర్వాత రోజు కూడా.

నాలుగో రోజు ఆమె వచ్చింది. నా చేతుల వంక చూసింది.

"లెవ్వు. అది నా జాగ," అంది.

లేచాను. బండిని గేటు బయటే ఉంచి, ఆ రోజు బస్తాలన్నీ భుజాన మోసుకుపోయి ఎక్కించాను.