గోరంట్లలో ఊపిరాడని కారు

నాకు కారు నడపడం వచ్చు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మిగతావాళ్లు నిద్ర లేవకముందే వెళ్లి నేర్చుకున్నాను. లైసెన్సు కూడా వచ్చింది. ఆ కార్డు ఎప్పుడూ నా బ్యాగులోనే, చదువుతున్న పుస్తకం పేజీల మధ్య ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు నాయన కారు తాళాలు చూపించి "నేర్చుకుంటావా మే?" అని అడుగుతాడని, అప్పుడు కార్డు తీసి ఆయన ముందు పెడదామని అనుకున్నాను.

ఆయన అడగలేదు. నాయనకు నడపడం రాదు, అన్న మగ్గం వదిలి కదలడు. అన్నను చేసుకున్న భారతి వదిన కణేకల్‌లో, కాలువ కింద వరిమళ్లలో ట్రాక్టరు తోలిన మనిషి. కాపురానికి వచ్చిన వారంలోనే నాయన తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. అప్పటినుంచి చీరలు ఇవ్వడానికి ఏ ఊరు వెళ్లినా స్టీరింగ్ ఆమెది, చీరల మూట నాది.

ఆ ఉదయం ఆరు దాటాక ధర్మవరంలో బయలుదేరాం. గోరంట్లలో ఒక పెళ్లివారికి ముహూర్తం చీర ఇచ్చి చీకటిపడేలోపు తిరిగి రావాలి. ఈ దారిన వెళ్లేవాళ్లు పొద్దున్నే బయలుదేరడం మేలు. పదయితే ఎండ, ఎండతోపాటు గాలి, గాలితోపాటు ఎర్రదుమ్ము. వాన కోసం దున్ని వదిలేసిన శనక్కాయ చేలు పెనుకొండ దాకా అలాగే ఉన్నాయి.

సోమందేపల్లెలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. హోటలామె కారును, వదినను మార్చి మార్చి చూసింది.

"నువ్వే తోల్కోని వచ్చినావామ్మా? గట్టిదానివే. ఈ పాప ఎవురు?"

"మా ఆడబిడ్డ. ఈమెకు పుస్తకాలుంటే సాలు, లోకం అక్కర్లే" అంది వదిన, ప్రేమగానే. నేను బజ్జీలోని మిరపకాయ కసిగా కొరికాను. కళ్లనీళ్లు వచ్చాయి. కారం అనుకున్నారు ఇద్దరూ.

సోమందేపల్లె దాటాక లారీని దాటబోతే కారు లాగలేదు. వదిన కాలు పూర్తిగా అదిమినా బండి మూలుగుతోందే తప్ప ముందుకు పోదు. అద్దంలో చూస్తే వెనక నల్లటి పొగ. మాది టర్బో డీజిలు. ఊపందుకున్నప్పుడు సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈల ఆగిపోయింది. కారుతోపాటు ఇచ్చిన పుస్తకాన్ని ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే. నల్లపొగ వస్తే ముందు ఇంజినుకు అందే గాలి సంగతి చూడాలని అందులో ఉంది. నేను నోరు తెరవలేదు. "బండి నడిపిందెవరు?" అని నాయన అడిగే మాట అప్పుడే నా చెవిలో వినిపిస్తోంది, వినడానికి బాగుంది కూడా.

నెమ్మదిగా గోరంట్ల చేరాం. చీర ఇచ్చాం. పెళ్లికూతురి తల్లి అంచును వెలుతురుకు పట్టి చూసి "ఇంగ మా పిల్ల అదృష్టం" అంది. భోజనం పెడతామన్నా వదిన ఉండలేదు. కారును బస్టాండు దగ్గర ఒక షెడ్డుకు తీసుకెళ్లింది.

మెకానిక్ మస్తానన్న ఆయిలు చూశాడు, బాగుంది. పైపుల క్లిప్పులు లాగి చూశాడు, బిగువుగానే ఉన్నాయి. తల గోక్కున్నాడు.

"టర్బో మీదనే అనుమానంగా ఉండాదమ్మా. హిందూపురం ఎత్తుకపోవల్ల. బండి ఈడ పెట్టి బస్సుకు పోండి."

వదిన ముఖం వాడిపోయింది. "కారు ఈడ ఇడిసిపెట్టి పోతే మామ మళ్లీ తాళాలిస్తాడా సుజీ?" అంది నాతో మెల్లగా. ఇవ్వడు. అది నాకూ తెలుసు. అదే నాకు కావలసింది కూడా. అయినా ఆ గొంతు విన్నాక చేదుగా అనిపించింది.

"అన్నా, గాలి వచ్చే దారి చూసినావా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"చూస్తా. ఎవురన్నా ఎక్కి ఆక్సిలేటర్ తొక్కండి."

వదిన బానెట్ దగ్గర నిలబడి ఉంది. నేనే ఎక్కాను. నా చేయి దానంతట అదే గేరు కదిపి చూసింది, హ్యాండ్‌బ్రేకు లాగింది, ఎడమ కాలు క్లచ్చి మీదకు వెళ్లింది. తాళం తిప్పి తొక్కాను. తలెత్తితే పక్క కిటికీలోంచి వదిన నన్నే చూస్తోంది.

"ఆపు, ఆపు! ఏందప్పా ఇది, చీరముక్కనా?" మస్తానన్న అరిచాడు.

దిగి చూశాను. ముందు జాలీ వెనక గాలి గొట్టం మూతికి ఆకుపచ్చ పట్టుగుడ్డ బిగించి కట్టి ఉంది. దాని మీద ఎర్రదుమ్ము మేట వేసింది. తొక్కినప్పుడల్లా గుడ్డ లోపలికి పీల్చుకుపోయి గొంతు మూస్తోంది. కట్టిన దారానికున్న ముడి మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి. దాన్ని అంత చిన్నగా వేసేది మా ఇంట్లో నాయన ఒక్కడే.

వదిన ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"మామా, కారు ముందర గుడ్డ కట్టినారా?"

"కట్టినా మా. ఆ దావంతా దుమ్ము గదా. సుజికి దుమ్ము పడదు, రాత్రంతా దగ్గుతాది పిల్ల. లోపలికి గాలొచ్చేది ఆడ్నించే గదా?"

"అది ఇంజినుకు పోయే గాలి మామా!"

"పోనీలే మా, ఇంజినన్నా దగ్గకుండా ఉండాదిలే" అన్నాడు నాయన.

మస్తానన్న కడుపు పట్టుకుని నవ్వాడు. "టర్బో ఏం పాపం చేసిందప్పా, ముక్కు మూస్తే!" ఫిల్టరు దులిపి బిగించాడు. నేను గుడ్డ విదిలించి, మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. వదిన మాత్రం నవ్వలేదు.

తిరుగు దారిలో కారు మళ్లీ ఈల వేసింది. ఎప్పుడూ స్టీరింగ్ మీది వదిన చేతుల వైపు కుళ్లుగా చూసేదాన్ని, ఆ పూట కిటికీలోంచి బీళ్లు చూశాను. ఇన్నాళ్లూ నాయన చేతిలోని తాళాలనే చూశాను గానీ, ఆ చేతులు ఇంకేం చేస్తున్నాయో చూడలేదు. కుళ్లు పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను.

సోమందేపల్లెకు ముందు వదిన కారు పక్కకు ఆపింది.

"లైసెన్సు ఉండాదా?"

పుస్తకంలోంచి తీసి చూపించాను.

"ఎందుకు చెప్పలేదు మే?"

"ఎవురూ అడగలే."

"మా నాయన నాకు ట్రాక్టరు నేర్పినాడు. మిట్టమధ్యాన్నం ఎండలో తోలిపిచ్చినాడు. నాకు దుమ్ము పడతాదా పడదా అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలే."

ఆమె దిగి నా వైపు వచ్చి తలుపు తీసింది. తాళాలు నా చేతిలో పెట్టింది. చేయి వెనక్కి తీసుకోకుండా అలాగే చాచి ఉంచింది.

"నువ్వే తోలు. ఆ గుడ్డ నాకియ్యి."