పేటలో ఇల్లు కొలిచిన నసీమున్నీసా

చిలకలూరిపేట పాత మార్కెట్ వెనక వీధిలో ఒక్క ఇల్లు కొలవడానికి నసీమున్నీసా పన్నెండు మంది మగాళ్ళను ఆసుపత్రి పాలు చేసింది. పదమూడోవాడు పోలీసు. ఒక చేత్తో టేపు పట్టుకుని రెండో చేత్తో కొట్టిందనీ, పడిపోయిన ప్రతివాడి పొడుగూ వెడల్పూ అలవాటుకొద్దీ కొలిచి రాసుకుందనీ పేట బస్టాండులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నమ్మనివాడికి అక్కడ టీ పొయ్యరు.

మనిషిని చూస్తే మాత్రం ఎవరికైనా అనుమానం వస్తుంది. చీరాల మనిషి. నలభై అయిదు దాటాయి. ఆటోలో వెనక సీట్లో కూర్చుంటే కాళ్ళు కిందికి ఆనవు. కళ్ళజోడుకు తాడు కట్టి మెళ్ళో వేసుకుంటుంది. చాలా ఏళ్ళు ఒక ఇంజనీరు ఆఫీసులో కూర్చుని, ఆయన వేసిన అపార్ట్‌మెంట్ ప్లాన్లకు శుభ్రంగా నకళ్ళు గీసింది. అన్నీ ఒకటే, అగ్గిపెట్టె మీద అగ్గిపెట్టె. ఆయన కంప్యూటరు కొనుక్కుని ఆమెను ఇంటికి పంపించాక, గుంటూరులో పాత ఇళ్ళంటే ప్రాణం పెట్టే కొందరు పెద్దమనుషుల సంఘం పిలిచి పని ఇచ్చింది. పడిపోయేలోపే ప్రతి పాత ఇంటినీ కొలిచి, గీసి, దాచిపెట్టాలని వాళ్ళ పట్టుదల. దాచిపెట్టడం వాళ్ళ వంతు. కొలవడం, గీయడం, తిట్లు తినడం నసీమున్నీసా వంతు. టేపు రెండో కొస పట్టుకోవడం ఆమె భర్త అల్లాబక్షు వంతు. ఆటో ఆయనదే, భయం కూడా ఆయనదే.

భయానికి కారణం లేకపోలేదు. ఈ వైపు పాత ఇంట్లో ఎవరైనా టేపు లాగితే దానికి ఒకటే అర్థం, పంపకాలు మొదలయ్యాయని. ఒంగోలు దగ్గర ఒక ఊళ్ళో టేపు చప్పుడు వినగానే అన్నదమ్ములు ముందు తలలు పగలగొట్టుకుని, ఆ తర్వాత వచ్చిందెవరని అడిగారు. ఇంకో ఇంట్లో ఒక ముసలావిడ పొయ్యి మీది చారు గిన్నెతో సహా విసిరింది. కారంచేడు రోడ్డులో ఒకాయన కుక్కను వదిలితే, అది అల్లాబక్షు పిక్క పట్టుకుని వీధి చివరి దాకా ఈడ్చుకుపోయింది. ఆయన భయంతో టేపు కొస వదల్లేదు కాబట్టి ఆ వీధి పొడుగెంతో కూడా ఆ రోజే తేలిపోయింది.

ఇంత జరిగినా ఆమె మానలేదు. దానికో కారణముంది. ఈ పనిలోకి వచ్చాక ఆమెకు చూపించిన మొదటి ఇల్లు చీరాలలో నేతగాళ్ళ వీధిది. మర్నాడు కొలుద్దామనుకుంది. మర్నాటికి అది మట్టిదిబ్బ. పోనీ తెలిసినవాళ్ళను అడిగి గీద్దామని ఎదురింటి అరుగు మీద కూర్చుంటే, ఒకాయన స్తంభాలు నాలుగన్నాడు. ఒకావిడ ఆరంది. మూడో ఆయన అసలు స్తంభాలే లేవని, ఆరన్నావిడ మీదికి చెప్పు విసిరాడు. ఆవిడ మొగుడు ఆయన చెవి కొరికాడు. నసీమున్నీసా ఆ కాగితం నాలుగు ముక్కలు చేసి ఇంటికొచ్చింది. టేపు తగలని గోడ కాగితం ఎక్కకూడదని ఆ రోజే అనుకుంది. లేకపోతే గీసింది ఇల్లు కాదు, ఎవడి నోరు పెద్దదైతే వాడి మాట.

పేటలో ఇల్లు అలాంటిలాంటి ఇల్లు కాదు. పూర్వం పత్తి వ్యాపారి ఎవరో కట్టించాడు. వీధిలోకి ఎత్తైన అరుగులు, లోపల పత్తి బేళ్ళు తూచిన సావిడి, దాని వెనక మండువా. చుట్టూ టేకు స్తంభాలు, నడుమ ఆకాశం. వానొస్తే నాలుగు వైపుల పెంకుల మీంచీ నీళ్ళు ఇంటి మధ్యలో పడతాయి. వెనక ఒకే ఒక పెద్ద వంటిల్లు. అందులో ఉండేది బాపయ్య, యలమంద అనే అన్నదమ్ములు. దక్షిణం అన్నది, ఉత్తరం తమ్ముడిది. మండువా ఎలాగో ఉమ్మడిగా సాగింది గాని, వంటిల్లు సాగలేదు. తోడికోడళ్ళు గరిటెలతో కొట్టుకున్నాక దాని మధ్యలో మనిషెత్తు అడ్డుగోడ లేచింది. గోడ లేచిన రాత్రే జానెడు జరిపావంటే నువ్వు జరిపావని రెండు వైపులా తలలు పగిలాయి. పైనున్న దూలం పుచ్చి కిందికి వంగితే, ఆ గోడ మీద ఇటుకలు పేర్చి దాన్ని నిలబెట్టారు. పాతికేళ్ళలో అన్నదమ్ములిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

ఇల్లు ప్రమాదకరంగా ఉందని మున్సిపాలిటీ నోటీసు అంటించింది. తెల్లారితే జేసీబీ వస్తుంది. సంఘం వాళ్ళు ఫోను చేస్తే బాపయ్య సరేనన్నాడు, యలమంద కూడా సరేనన్నాడు. ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్నారంటేనే నసీమున్నీసా అనుమానించాల్సింది. కాని ఉన్నది ఒక్క రోజు. ఆమె ధ్యాసంతా ఆ ఒక్క రోజులో ఇల్లంతా కాగితం మీదికి ఎక్కించడం మీదే ఉంది.

"రామ్మా, రా. ముందు మా వైపు మొదలెట్టు. పెద్దవాణ్ణి, అది మర్యాద," అన్నాడు బాపయ్య అరుగు మీద నిలబడి.

"వీడికి మర్యాదంట!" యలమంద రెండో అరుగు మీంచి అందుకున్నాడు. "చెల్లెమ్మా, ఇటు రా. మా ఇంట్లో టీ తాగితే బతుకుతావు. వాళ్ళింట్లో తాగినోళ్ళు ఎవళ్ళూ మళ్ళీ కనపళ్ళా."

"ఇద్దరి టీలూ తాగుతాం, ముందు సావిడి కొలవనివ్వండి," అంది నసీమున్నీసా.

మధ్యాహ్నానికి సావిడి అయింది, గదులు అయ్యాయి, మండువా అయింది. స్తంభాల తలల మీద చెక్కిన చిలకలను ఒక్కొక్కదాన్నీ తడిమి చూసింది. ఒకదాని ముక్కు ఏ గొడవలోనో ఎగిరిపోయింది. ఉన్నది ఉన్నట్టు ముక్కు లేకుండానే గీసింది. మిగిలింది వంటిల్లు.

బాపయ్య భార్య వెంకటరావమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే, "చూసి నడువమ్మాయ్, గిన్నెలున్నాయి," అంది. నసీమున్నీసా టేపు తీసి అడ్డుగోడ వైపు ఒక అడుగు వేసింది. బాపయ్య దారికి అడ్డం వచ్చాడు.

"ఆ గోడ ఉన్నచోట కాదు, ఉండాల్సిన చోట గియ్యమ్మా. జానెడు అటు."

"ఉండాల్సిన చోటు నాకేం తెలుసు బాబాయ్ గారూ? ఉన్నచోటే గీస్తాను."

"నేను చెబుతున్నాగా!"

గోడ అవతల స్టూలు జరిగిన చప్పుడైంది. యలమంద తల పైకి లేచింది. "ఏందిరా నువ్వు చెప్పేది? జానెడు మింగింది నువ్వు! చెల్లెమ్మా, రేపు గోడ పోద్ది. ఎల్లుండి నుంచి నీ కాగితమే గోడ. సైటుకు హద్దు అదే. వాడి వైపుకి జరిపి గియ్యి."

ఇద్దరూ ఎందుకు ఒప్పుకున్నారో అప్పుడు తెలిసింది. అయినా ఆమె టేపు చాచింది. బాపయ్య దాని కొస లాక్కున్నాడు. గోడ మీంచి వంగి యలమంద మధ్యలో పట్టుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు గుంజేసరికి ఆ ఇనుప రేకు యలమంద అరచెయ్యిని ఇటు నుంచి అటు కోసేసింది. నెత్తురు గోడ మీద ఇటుకలు తడిపి పొయ్యిలో పడి చుయ్యిమంది.

"కోశాడ్రోయ్! నా చెయ్యి కోశాడు!"

అంతే. యలమంద గునపం తీసి తన వైపు నుంచి గోడను పొడవడం మొదలుపెట్టాడు. "అసలు గోడే లేకపోతే ఏం గీస్తదో నేనూ చూస్తా!" బాపయ్య పార పట్టుకుని, ఇద్దరు కొడుకులను వెంటేసుకుని, మండువా చుట్టి అవతలికి దూకాడు. యలమంద బావమరుదులు సావిడిలోంచి బరిసెలతో వచ్చారు. మొదటి దెబ్బకు బాపయ్య పెద్దకొడుకు ముంజెయ్యి పచ్చి మిరపకాయలా టక్కున విరిగింది. రెండో దెబ్బ ఎవరిదో తెలియదు గాని ఒక బావమరిది చెవి సగం ఊడి మెడ మీదికి వేలాడింది. వెంకటరావమ్మ రోకలి అందుకుని, వాళ్ళ వెనకే అటు పరుగెత్తి, మరిది మోకాలికి గురిచూసి ఎత్తింది. ఆ సమయానికి పారిపోదామని అల్లాబక్షు అటే వచ్చాడు. రెండు పళ్ళు బూడిదలో పడ్డాయి.

"అయ్యో, నువ్వా నాయనా! అడ్డం లేవయ్యా!" అని మళ్ళీ ఎత్తింది.

యలమంద మంచి రేటు కోసం కూడబెట్టిన మిరప టిక్కీ బస్తాలు వంటింటి మూల వరసగా ఉన్నాయి. ఎవరో ఒకణ్ణి వాటి మీదికి విసిరారు. గోనెలు చిరిగి, తొక్కిడికి కాయలు పొడై, ఇల్లంతా ఎర్రటి దుమ్ము లేచింది. ఇక ఎవరు ఎవర్ని కొడుతున్నారో కొట్టేవాడికే తెలియదు. తండ్రి కొడుకును కొట్టాడు, బావమరిది బావమరిదిని కొట్టాడు, కొట్టిన ప్రతివాడూ దగ్గుతూ కొట్టాడు. వీధి అవతల బజ్జీలు వేసేవాడు కళ్ళు నులుముకుంటూ ఎదుటివాణ్ణి ఊరికే కొట్టాడని కూడా అంటారు.

నసీమున్నీసా కొంగు కుండలో ముంచి ముఖానికి చుట్టుకుంది. నేల మీద పాకుతూ, టేపు కొసను ఇటుక కింద పెట్టి, మండువా మీదుగా అటు పోయి ఉత్తరపు గోడ, ఇటొచ్చి దక్షిణపు గోడ కొలిచింది. తూర్పుది కొలిచింది. పడమటి గోడ కొలుస్తుండగా ఎవరి పారో తిరగబడి ఆమె నెత్తి మీద దిగింది. కళ్ళజోడు మీదుగా నెత్తురు కారింది. అద్దాలు లంగా అంచుతో తుడుచుకుని అంకె రాసుకుంది.

"నసీమా! వచ్చెయ్యవే! చస్తావే!" అల్లాబక్షు గుమ్మంలోంచి ఏడుస్తున్నాడు.

"ఒక్క గోడేనయ్యా!"

అడ్డుగోడ మూలకు టేపు ఆనించబోయింది. అవతల నుంచి యలమంద గునపం మళ్ళీ దిగింది. పైన పేర్చిన ఇటుకలు కదిలాయి. దూలం ఒక్కసారి మూలిగింది. ఆమె టేపు వదిలేసి వెనక్కి పడింది. దూలం, దాంతో వాసాలు, పెంకులు, వాటి కింద అడ్డుగోడ మొత్తం ఉత్తరానికి కూలి యలమందను నడుం దాకా కప్పేసింది.

కారం దుమ్ము అణిగాక చూస్తే బాపయ్య తమ్ముడి తల మీద పార ఎత్తి నిలబడి ఉన్నాడు. ఎవరూ కదల్లేదు. ఆ పార దిగుతుందనే అందరూ అనుకున్నారు. బాపయ్య దాన్ని పక్కకు విసిరి, ఇటుకలు చేతుల్తో పెళ్ళగించి, తమ్ముణ్ణి చంకల కింద పట్టి మండువాలోకి ఈడ్చాడు. కాలు మోకాలి కింద విరిగి ఎముక తెల్లగా బయటికొచ్చింది. తన తువ్వాలుతో తమ్ముడి మొహం మీది దుమ్మూ కారమూ తుడిచాడు. ఊపిరి ఆడుతోందని చూసుకున్నాడు. చూసుకుని, పిడికిలి బిగించి మొహం మీద గుద్దాడు. ముక్కు విరిగింది.

"గోడ పడగొడతావా? నాన్న పోయినా ఏడవని నన్ను ఇవాళ ఏడిపిస్తావా?" అని ఇంకోటి గుద్దాడు.

సగం కూలిన ఇంటిని రేపటిదాకా ఉంచకూడదని జేసీబీని ఆ సాయంత్రమే పిలిపించారు. ఆసుపత్రి బల్ల మీద కుట్లు వేయించుకుంటూ నసీమున్నీసా ఆ చప్పుడు విన్నది. డాక్టరు కదలొద్దన్నా తల తిప్పి కిటికీ వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు కారం వల్లనే అని అల్లాబక్షు అందరికీ చెప్పాడు.

ఇల్లు పోయింది, గొడవ పోలేదు. ఇప్పుడది నసీమున్నీసా ఇంటికొచ్చింది. బాపయ్య చిన్నకొడుకు చీరాల వచ్చి ఆటో అద్దం పగలగొట్టి, "గోడ అటు గియ్యకపోతే గీసే వేళ్ళుండవు," అని పోయాడు. వారానికి ఆటో టాపు ఎవరో తగలబెట్టారు. ఆ తర్వాత యలమందే వచ్చాడు, కాలికి కట్టుతో, కారులోంచి దిగకుండా.

"చెల్లెమ్మా, ఒక్క గీత. నా కాలు చూసైనా గియ్యమ్మా. గియ్యకపోతే ఈసారి ఆటోతో ఆగదు, నీకే మంచిది కాదు."

ఆ రోజు ఆమె బల్ల ముందు చాలాసేపు కూర్చుంది. ఇల్లంతా కాగితం మీద నిలబడి ఉంది. అరుగులు, సావిడి, స్తంభాలు, ముక్కు లేని చిలక. వంటింటి మధ్యలో జానెడు అటో ఇటో ఒక్క గీత గీస్తే సగం మంది శత్రువులు తగ్గుతారు.

"గీసి పారెయ్యవే," అన్నాడు అల్లాబక్షు, పళ్ళు లేని చోట గాలి పోతుండగా. "ఎవడు చూడొచ్చాడు?"

"చూడ్డానికి ఇల్లెక్కడుందయ్యా?" అంది. పెన్ను మూత పెట్టి, కాగితం చుట్టి, మర్నాడు గుంటూరు బస్సెక్కింది. దారిలో ఆ చుట్టను ఒళ్ళోంచి దించలేదు. యలమంద మనుషులు బస్టాండులో అల్లాబక్షును పట్టుకుని ఇంకో పన్ను రాలగొట్టారు గాని, అప్పటికి బస్సు బాపట్ల దాటింది.

ఆ బొమ్మ ఇప్పుడు సంఘం ఆఫీసులో అద్దం బిగించి గోడకు ఉంది. వచ్చినవాళ్ళకు దాని ముందు కథ చెప్పడమంటే అధ్యక్షుడు గారికి మహా సరదా. పన్నెండు మంది, పదమూడోవాడు పోలీసు, తలలో పార, చేతిలో టేపు. "ఇల్లు కూలుతుంటే లోపలే నిలబడి మొత్తం కొలిచిందండీ, ఒక్క అంగుళం వదల్లేదు!" అని ఆయన చెయ్యి ఊపుతుంటే, మొన్న ఇంకో ఇంటి కాగితాలు ఇవ్వడానికి వచ్చిన నసీమున్నీసా గుమ్మంలోనే నిలబడి విన్నది. ఆయన ఆగాక అంది:

"పన్నెండు మంది కాదండీ. ఆసుపత్రికి పోయింది అయిదుగురం, అందులో నేనూ మా ఆయనా ఉన్నాం. నేనెవర్నీ కొట్టలేదు. గొడవ ఆపడానికొచ్చిన కానిస్టేబుల్ గారికి కంట్లో కారం పడింది, అంతే. వంటింట్లో అడ్డుగోడ కొలవలేదు. అందుకే అక్కడ ఖాళీ ఉంది."