మిన్స్ అంటే కీమాయే కదా!

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ప్రపంచంలో ఉండేది కాదు. తెలియకపోవడం అనేది నలభై దగ్గరపడ్డాక మొదలయ్యే జబ్బనుకుంటాను, ఇప్పుడు నాకు అన్నీ అనుమానాలే. అప్పుడు మాత్రం అమెరికాలో, షామ్‌బర్గ్ అనే ఊళ్ళో అద్దె అపార్ట్‌మెంటు, మెళ్ళో కొత్త బ్యాడ్జి, గుండె నిండా ధైర్యం. ఆఫీసులో మీటింగ్ గది గడప దాటగానే ఆ ధైర్యమంతా ఎటు పోయేదో గాని నోరు పెగిలేది కాదు. అందరూ గడగడా మాట్లాడేస్తుంటే నేను లాప్‌టాప్ వంక చూస్తూ తల ఊపేదాన్ని. (అలా ఊపితే అవునో కాదో వాళ్ళకి తెలిసేది కాదని చాలా కాలం తర్వాత ఎవరో చెప్పారు.) మా టీమ్ లీడ్ ఇంగ్లండ్‌లో పుట్టి, పెళ్ళి చేసుకుని అమెరికా వచ్చి స్థిరపడిన పెద్దావిడ. చక్కగా దువ్విన తెల్లజుట్టు, ఆచితూచి మాట్లాడే తీరు చూసి నేనూ, నాతో అపార్ట్‌మెంటు పంచుకున్న వరంగల్ అక్కా ఆవిడకి దొరసానమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఆ దొరసానమ్మ ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "నీ కోడ్ చాలా బావుంటుంది. నీ గొంతు ఎలా ఉంటుందో మాత్రం నాకింకా తెలీదు. ఈ ఏడాది అయిపోయేలోపు ఒక్కసారైనా వినిపించు" అంది. మంచిగానే అంది. కానీ నోరు లేని పిల్లనని ముద్ర పడిపోతే ఇక ఆ టీమ్‌లో నన్ను పట్టించుకునేదెవరు?

డిసెంబర్ వచ్చింది. క్రిస్మస్ ముందు టీమ్ అంతా తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినాలని మీటింగులో అనుకున్నారు. ఒకరు కుకీలన్నారు, ఒకరు సలాడన్నారు, ఇంకో మహానుభావుడు చిప్స్ అన్నాడు. దొరసానమ్మ నవ్వి, "మీరేం తెచ్చినా తింటాను గాని, మా అమ్మ పోయాక మిన్స్ పై రుచి చూసిందే లేదు నేను. నాకు వంట రాదు, ఇక్కడ అదేంటో ఎవరికీ తెలీదు" అంది. (పైన, కింద అనే పై కాదు, పిండితో చేసిన చిన్న గిన్నెలో ఏదైనా కూరి, మూసి, ఓవెన్‌లో కాల్చే పై.) నిజంగానే ఎవరికీ తెలీదు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళంతా ఝల్లుమంది. మిన్స్! అమెరికా వాళ్ళు గ్రౌండ్ మీట్ అంటారు. మిన్స్ అంటే కీమా అని వీళ్ళకేం తెలుసు? బ్రిటిష్ ఇంగ్లీషు చదువుకున్న నాకు తెలుసు! చెయ్యి దానంతటదే పైకి లేచింది. "ఐ విల్ మేక్ ఇట్!" గది మొత్తం నా వైపు తిరిగింది. "నిజంగానా? నీకు వచ్చా?" అంది దొరసానమ్మ, కళ్ళు ఇంతింత చేసుకుని. "అలాంటివి మా ఇంట్లో తెగ చేస్తాం" అన్నాను. అబద్ధం కాదు, మా అమ్మ కీమా సమోసాలకి మా వీధంతా వచ్చేది.

శనివారం పొద్దున్నే అక్కా నేనూ నడుం బిగించాం. ఫోన్లో పెట్టుకున్న వంట వీడియోలో ఒక ముసలావిడ పిండి కలపడం వివరంగా చూపించి, "ఇప్పుడు ఒక జాడీ మిన్స్‌మీట్ తీసుకోండి" అంది. "జాడీల మాంసమేందే?" అంది అక్క. "కీమా పచ్చడి అక్కా! మనం పెట్టుకోమూ?" అన్నాను. "గట్లనా. మరి కొన్న పచ్చడెందుకు, తాజా కీమానే పెడదాం, ఆమె జిందగీల మర్చిపోదు" అంటూ అక్క కారు తాళాలు తీసుకుంది. మా ఇద్దరి తెలివీ కలిసి ఆ వీడియోని అక్కడితో ఆపేసింది. హలాల్ షాపు నుంచి మేక కీమా వచ్చింది. అల్లం వెల్లుల్లి, లవంగం, పుదీనా, ఇల్లంతా ఘుమఘుమలు. "పచ్చిమిర్చి కొంచెం తగ్గించక్కా, దొరసానమ్మ తినాలి" అని నేను బతిమాలితే, "మిర్చి లేంది కీమా ఎట్లయితదే?" అని గుప్పెడు వేసింది. పిండి మొదటిసారి అలవాటుకొద్దీ చపాతీలకి కలిపినట్టు వేడినీళ్ళు పోసి కలిపితే సాగి కూర్చుంది. రెండోసారి వీడియోలో చూపించినట్టు చల్లటి వెన్నతో కలిపాం, కుదిరింది. ఇక ఓవెన్. అపార్ట్‌మెంట్లో మన ఓవెన్ అంటే మూకుళ్ళు, పెనాలు దాచుకునే అల్మరా. అవన్నీ బయటపెట్టి వేడి చేశాం గాని, వెనక మూలన ప్లాస్టిక్ డబ్బా మూత ఒకటి ఉందని అది కరిగాకే తెలిసింది. పొగ, దాంతో అలారం మోత. అక్క కుర్చీ ఎక్కి చున్నీతో విసురుతుంటే నేను కిటికీలు తెరిచాను. మంచుగాలి రివ్వుమని లోపలికొచ్చింది. ఇద్దరం వణుకుతూనే పొట్ట పట్టుకుని నవ్వాం.

ఓవెన్ శుభ్రం చేసి, మళ్ళీ వేడి చేసి పెడితే బంగారు రంగులో పైలు దిగాయి! నాకు గంతులేయాలనిపించింది, వేశాను కూడా. ఆపేసిన వీడియోని చివరికి జరిపి చూస్తే, పైన పొడి పంచదార చల్లాలని ఉంది. "కీమా మీద చక్కెరా?" అని నేను సందేహిస్తే, "నీ డౌట్ ఏందే? టర్కీ కోడికి జామ్ నంచుకొని తింటలేరా వీళ్ళు?" అంది అక్క. ఆ మాటకి తిరుగులేదు. చల్లాం.

సోమవారం ఆఫీసులో డబ్బా మూత తీయగానే దొరసానమ్మ చేతులు రెండూ చెంపలకి ఆనించుకుంది. "అచ్చం మా అమ్మ చేసినట్టే ఉన్నాయి" అంది. అందరూ చుట్టూ చేరారు. ఆవిడ కళ్ళు మూసుకుని కొరికింది. ఒకసారి నమిలింది. ఆగింది. కళ్ళు తెరిచి నా వంక చూసింది. మొహం మెల్లగా ఎర్రబడింది, దగ్గు, నీళ్ళు, మళ్ళీ దగ్గు. "ఇందులో... మాంసం ఉందా?" అంది. "మిన్స్ కదా!" అన్నాను. అంతే, ఆవిడ కుర్చీలో కూలబడి కన్నీళ్ళొచ్చేలా నవ్వింది. మిన్స్ పైలో ఉండేది ఎండుద్రాక్ష, ఆపిల్ ముక్కలు, దాల్చినచెక్క అని, అది తియ్యటి పిండివంట అని అప్పుడు చెప్పింది. నాకు అక్కడే భూమి చీలితే బావుండుననిపించింది. ఆవిడ మాత్రం రెండో ముక్క కొరికి, "మా అమ్మ చెప్పేది, వెనకటికి వీటిలో నిజంగానే మటన్ పెట్టేవాళ్ళట, తర్వాత మాంసం పోయి పేరు మిగిలిందట. నువ్వు మాకంటే పాతకాలపు సంప్రదాయం చేశావమ్మాయ్. పచ్చిమిర్చి మాత్రం ఏ కాలంలోనూ లేదు" అంది. నవ్వులు మిన్నంటాయి. ఇంక నాకు దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. జాడీ పచ్చడి కథ, కరిగిన మూత, కుర్చీ మీద అక్క, టర్కీ మీద జామ్ న్యాయం, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాను. ఆపమన్నవాళ్ళు లేరు. డబ్బా ఖాళీ అయ్యేదాకా చెబుతూనే ఉన్నాను. చివర్న దొరసానమ్మ కళ్ళు తుడుచుకుని, "ఓహో, నీ గొంతు ఇలా ఉంటుందన్నమాట" అంది.

తర్వాతి శనివారం ఆవిడే ఎండుపళ్ళు పట్టుకుని మా ఇంటికొచ్చింది. అసలైనవి ముగ్గురం కలిసి చేశాం. "ఇవి మన కజ్జికాయలే కదవే!" అని అక్క తేల్చేసింది. దొరసానమ్మ మొదటిది తిని, రెండోది చేతిలోకి తీసుకుని వాళ్ళమ్మ కబుర్లు మొదలుపెట్టింది.

ఇప్పుడు ఊరు మారి ప్లేనోలో నాకూ ఒక టీమ్ ఉంది. మీటింగుల్లో నేనే ఎక్కువ మాట్లాడతాను. కానీ ప్రతి మాటా ముందు వెతికి, సరిచూసుకుని, పక్కవాళ్ళని అడిగి మరీ మాట్లాడతాను, తప్పు దొర్లదు, ఎవరూ నవ్వరు. డిసెంబర్‌లో తియ్యటి పైలు కొలతల ప్రకారం చక్కగా కుదురుతాయి. అయినా ఓవెన్ ముందు కూర్చున్నప్పుడు ఒక్కోసారి అనిపిస్తుంది, షామ్‌బర్గ్‌లో నేనైన ఆ వెర్రి పిల్ల ఇప్పుడు తలుపు కొట్టి లోపలికొచ్చి "మిన్స్ అంటే కీమాయే కదండీ?" అని అడిగితే ఏం చెబుతానా అని. నిజం చెప్పను. "అవునే తల్లీ, ఇంకెవరూ చెయ్యి ఎత్తకముందే ఎత్తు" అంటాను.