సముద్రానికి ఇసుక తీసుకెళ్లిన యాదన్న

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. శామీర్‌పేటలో టైర్ల షాపు ముందు ఛాయ్ తాగుతూ తాగుతూ యాదన్న పక్కకు ఒరిగిపోయాడట.

నేను నవ్వాను.

మేడ్చల్‌లో ఇట్లాంటి దొంగ ఫోన్లు చేసేది నేనొక్కణ్ణే. ఎవడో నాకే తిప్పికొట్టాడనుకున్నా.

షాపతను ఏడవడం మొదలుపెట్టాక గానీ బుర్రకు ఎక్కలేదు.

తర్వాత నేను పది మందికి ఫోన్ చేశా. ఒక్కడూ నమ్మలేదు. "పొద్దుపొద్దుగాల గిదేం జోక్ రా, సిగ్గుండాలె" అని ఫోన్ పెట్టేశారు.

అందుకే ఈ పోస్ట్. ఇది జోక్ కాదు. యాదన్న నిజంగానే పోయాడు.

తెలియనివాళ్లకు చెప్తున్నా. యాదన్నది సొంత లారీ, తనే డ్రైవర్. నేను లారీలకు పేర్లు రాసే పెయింటర్ని. ఏడో క్లాస్ ఫెయిల్. నా స్పెల్లింగ్ తప్పులు దేశమంతా తిరిగొచ్చాయి.

శామీర్‌పేట దగ్గర రింగ్ రోడ్డు ఇంకా పడని రోజులవి.

యాదన్న భార్య సుగుణ వదిన డాబా మెట్ల మీద జారి నడుము విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. అయినా పడుకునే ఉండాలి. కూర్చోబెడితే పది నిమిషాల్లో కళ్లలో నీళ్లు.

రెండేళ్లు సీలింగ్ ఫ్యాన్ తప్ప ఏమీ చూడలేదు ఆమె. ఒకరోజు అన్నది, "ఒక్కసారి సముద్రం జూడాలనుంది."

బస్సులో కుదరదు. జీపులో కాళ్లు చాపలేదు.

యాదన్న తన లారీనే ఇల్లు చేశాడు. వెనక బాడీకి కిటికీలు కోశాడు. పైన టార్పాలిన్ కప్పు. నీళ్ల డ్రమ్ముకు నల్లా. స్టవ్ కదలకుండా ఇనుప పెట్టె. వదిన పాత చీరలే కర్టెన్లు. మంచానికి బోల్టులు.

ట్రయల్ వేశాం. తూంకుంట దగ్గర మొదటి స్పీడ్ బ్రేకర్‌కే వదిన అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

యాదన్న బండి వెనక్కి తిప్పాడు.

కుదుపు తగ్గాలని చక్రాల మీది స్ప్రింగుల్లోంచి రెండు కమాన్ పట్టీలు తీయించాడు. అయినా అంతే. ఖాళీ లారీ మేకపిల్లలాగా ఎగురుతుంది. అది టన్నులు మోయడానికి పుట్టిన బండి. వదిన చూస్తే నలభై ఐదు కిలోలు.

నేను ఊరుకోలేక అన్నా, "అన్నా, ఎనిమిది టన్నుల ఇసుక పొయ్యి. మీద వదినను పండవెట్టు. ఉయ్యాల లెక్క పోతది."

అందరూ నవ్వారు. యాదన్న నవ్వలేదు.

మర్నాడు మంచం పీకేసి లారీలో మోకాలెత్తు ఇసుక పోయించాడు. దాని మీద పట్టా, పట్టా మీద పరుపు. మళ్లీ అదే స్పీడ్ బ్రేకర్. దాటాక బండి ఆపి వెనక్కి పరిగెత్తాడు.

వదిన అడిగింది, "ఇంకా రాలేదా అది?"

లారీ వెనక అందరూ 'సౌండ్ హారన్' అని రాయించుకుంటారు. నేను చెప్పకుండా, దొంగతనంగా, ఇట్లా రాశా:

"హారన్ కొట్టకు, మా వదిన పండుకుంది."

డీజిల్ పోయించేటప్పుడు చూశాడు. జాకీ రాడ్ పట్టుకుని నా వెంట పడ్డాడు. లారీ చుట్టూ రెండు రౌండ్లు తిరిగాక ఆగి, మళ్లీ చదువుకున్నాడు. "సరే, ఉండనియ్" అన్నాడు.

సముద్రానికి బయల్దేరాం, నేను యాదన్న పక్క సీట్లో. దారిలో ఒక చెక్‌పోస్టులో పోలీసాయన ఆపాడు.

"ఏం లోడ్?"

"ఇసుక సార్."

"ఎక్కడికి?"

"సముద్రానికి" అన్నాడు యాదన్న. అబద్ధం ఆడటం రాదు ఆ మనిషికి.

పోలీసాయన నా వైపు చూశాడు. నా నోరు ఆగుతుందా? "ఆడ తక్కువ పడ్డదంట సార్" అన్నా.

ఇద్దర్నీ కిందికి దింపాడు. వెనక టార్పాలిన్ ఎత్తి చూశాడు. వదిన పడుకునే దండం పెట్టింది. పక్కన వాళ్ల పిల్లలిద్దరూ మురుకులు తింటున్నారు.

ఆయనే టార్పాలిన్ సరిచేశాడు. "మెల్లగా పోండి" అన్నాడు.

సముద్రం వైపు లారీ వెనక్కి పెట్టి, వెనక తలుపు, అదే డాలా, దించాడు యాదన్న. వదిన పడుకున్నచోటి నుంచే పొద్దుగూకే దాకా చూసింది.

తిరిగి పోదామంటే టైర్లు దిగబడ్డాయి. సగం ఇసుక దింపితే గానీ బండి కదల్లేదు. ఒక చేపలాయన అడిగాడు, "మా ఇసుకలో మీ ఇసుక పోత్తన్నారేంటండీ?"

బండి బయటపడ్డాక మళ్లీ ఎత్తి పోశాం. ఖాళీగా పోతే వదినకు నొప్పి కదా. ఎవరి ఇసుక ఎంత వచ్చిందో దేవుడికే తెలియాలి.

తర్వాత కొన్నేళ్లకు లారీ అమ్మేశాడు.

పోయిన నెలలో కూడా నన్ను అడిగాడు, "మీ వదినను ఇంకోసారి తీస్కపోదాంరా. ఏదన్న పాత లారీ ఉంటే జూడు."

"ముందు ఇసుక దొరకనియ్యన్నా" అన్నా. ఇద్దరం నవ్వుకున్నాం.

నేను లారీ చూడలేదు.

నిన్న వదినకు చెప్పే పని నా మీద పడింది. చెప్పా. ఆమె నా మొహం చూసింది.

"నీ సంగతి నాకెరుకలేదా పెయింటర్. జోకే గదా. జోక్ అని జెప్పు."

నా జన్మంతా అబద్ధాలే చెప్పా. ఆ ఒక్కటి నోట్లోంచి రాలేదు.

యాదన్నను తీసుకుపోయేటప్పుడు వదిన మంచాన్ని గేటు దాకా అయినా మోద్దామనుకున్నాం. నలుగురం ఎత్తాం. తలుపులోంచి పట్టలేదు. అటు తిప్పాం, ఇటు తిప్పాం. "దించుండ్రి" అన్నది ఆమె, మెల్లగా.

ఆమెను సముద్రం దాకా తీసుకెళ్లాడు ఆయన. మేం నలుగురం ఉండి గుమ్మం దాటించలేకపోయాం.

లోపలి నుంచే డప్పు చప్పుడు విన్నది.

ఇప్పుడు ఫ్లెక్సీ మీద ఏం రాయాలో చెప్పమని పిల్లలు అడుగుతున్నారు. వెయ్యి లారీలకు రాసినవాణ్ణి. ఒక్క లైనూ తోచడం లేదు.

ఆ పాతదే రాయమంటాను, పేరు మార్చి.

హారన్ కొట్టకండి, మా అన్న పండుకున్నడు.

నీకు ఏ కుదుపూ తగలకూడదు యాదన్నా. పోయి రా.