రోడ్నీ బండి అసలు పేరు

న్యూజిలాండులోని హావెరాలో పాల ట్యాంకరు నడిపే రోడ్నీ పెంగెల్లీకి తెలియని విషయం లేదు. ఆవు ఎందుకు చూలు కట్టలేదో పశువుల డాక్టరుకే చెప్పేవాడు. వాన వస్తుందని వాన కురుస్తుండగా చెప్పేవాడు. మా రెండిళ్ళ మధ్య ఉన్నది చెక్క కంచె. అది గొర్రెల్ని ఆపుతుంది గానీ మాటల్ని ఆపదు కాబట్టి ఆయన జ్ఞానంలో సగం నాకే దక్కింది.

అలాంటి మనిషి ఆక్లాండు వెళ్ళి, జపాన్ నుంచి దిగిన పాత బండ్లు అమ్మే చోట నిస్సాన్ స్టేజియా ఒకటి కొన్నాడు. వెనక తలుపు మీద ‘260ఆర్‌ఎస్’ అన్న బ్యాడ్జీ చూశాడు. ఇక తక్కినదేదీ చూడాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు.

స్టేజియా అంటే పిల్లల్నీ కుక్కనీ పరుపునీ ఒకేసారి ఎక్కించుకునే పొడుగాటి కుటుంబపు బండి. మామూలు వాటిలో ఒక టర్బో ఉంటుంది, అదే చాలా జోరు. కొద్దిపాటి బండ్లకు మాత్రం స్కైలైన్ జీటీఆర్ ఇంజనూ, రెండు టర్బోలూ, పెద్ద బ్రేకులూ పెట్టి 260ఆర్‌ఎస్ అని పేరు పెట్టారు. అది వీధిలో వెళ్తుంటే మా ఊళ్ళో కుర్రాళ్ళు తింటున్న మాంసం పఫ్‌ని పక్కన పెట్టి మరీ చూస్తారు. అవన్నీ చేత్తో గేరు మార్చేవే. రోడ్నీది ఆటోమేటిక్.

“క్లచ్ ఏదయ్యా?” అని కంచె మీంచి అడిగాను.

“స్పెషల్ ఆర్డర్ ఇది. టోక్యోలో ఒక పెద్ద డాక్టరు చేయించుకున్నాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పి.”

డాక్టరు మోకాళ్ళ సంగతి కూడా తెలిసిన మనిషితో ఏం వాదిస్తాం?

ఆ బండిని రోడ్నీకన్నా ఎక్కువ ప్రేమించినవాడు ఆయన మామగారు హొహెపా. మాంసం ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైన మావోరీ పెద్దాయన. అందరూ ‘కోరో’ అనేవాళ్ళు, తాత అన్నట్టు. సెలవు రోజున ముందు సీట్లో కూర్చుని, “తొక్కు అల్లుడూ! ఈ పాల ట్యాంకరు నడకేంటి?” అని అరిచేవాడు. సముద్రం దాకా వెళ్ళి, చేపలూ చిప్సూ తిని, సీటంతా ఉప్పు చేసి వచ్చేవారు.

బ్రేకు ప్యాడ్లు అరిగాయి. అక్కడ మొదలైంది కథ. స్పేర్ పార్టుల కొట్లో మార్లీన్ 260ఆర్‌ఎస్ ప్యాడ్లు తెప్పించి ఇచ్చింది. పట్టలేదు. రోడ్నీ వెళ్ళి కొట్టు మీద పడ్డాడు. మళ్ళీ తెప్పించింది. మళ్ళీ పట్టలేదు. ఈసారి మార్లీన్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి చక్రం సందులోంచి తొంగి చూసింది, లోపల గేరు కర్ర చూసింది, బానెట్ ఎత్తమంది.

“రోడ్నీ, ఇక్కడ ఒక్క టర్బోనే ఉంది.”

“రెండోది కింద ఉంది. కనపడదు.”

“ఓహో, సిగ్గుపడిందా? ఇది మామూలు ఆర్‌ఎస్ ఫోర్ రా బాబూ. మంచి బండే. కానీ నువ్వు అనుకునే బండి కాదు. నమ్మకపోతే ఛాసిస్ నంబరు నెట్‌లో కొట్టి చూసుకో.”

ఇంటికొచ్చి తలుపేసుకుని చూసుకున్నాడు. ఆర్‌ఎస్ ఫోర్, ఆటోమేటిక్, కుటుంబ సమేతంగా వాడుకొనుటకు. బ్యాడ్జీ కింద గోరు పెట్టి లాగితే రెండు వైపులా అంటుకునే టేపు తెల్లగా నవ్వింది.

ఇంకెవరైనా అయితే అమ్మినవాణ్ణి నాలుగు తిట్టి ఊరుకునేవారు. రోడ్నీ బ్యాడ్జీని మళ్ళీ గట్టిగా నొక్కి అంటించాడు. బండి అబద్ధమైతే బండినే మార్చాలి గానీ తన మాట మార్చడం కుదరదు కదా!

ఆ చలికాలమంతా గ్యారేజీలోనే. ఆ ఖర్చుకి చేపలు పట్టే పడవ అమ్మేశాడు.

“పడవేదీ?” అంది భార్య నైరీ.

“గాలి సరఫరా మెరుగుపడుతోంది,” అన్నాడు.

“దేనికి? మన బ్యాంకు అకౌంటుకా?”

స్కైలైన్ ఇంజను ధర విని దాని జోలికి పోలేదు. బదులుగా ఆటోమేటిక్ పీకి చేతి గేర్‌బాక్స్ పెట్టాడు. క్లచ్ ఎంత బిగువంటే తొక్కిన ప్రతిసారీ ఎడమ తొడ వణికేది. పెద్ద టర్బో, దాని గాలిని చల్లబరచడానికి ముందువైపు పెద్ద కూలరు, బిందె మూతంత సైలెన్సర్ గొట్టం. బండిని దాదాపు నేలకి ఆనేంత కిందికి దించాడు. వెనక సీట్ల వెనకాల, బండి మెలికపడకుండా ఇటు నుంచి అటు ఇనుప కడ్డీ ఒకటి అడ్డంగా బిగించాడు. అప్పటిదాకా మెలికపడిందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

బండిలో చేసిన మార్పులన్నీ పరీక్షించి, అవి రాసిన పలక బిగించే ఇన్‌స్పెక్టరు చప్పుడు ఎక్కువని ఒకసారి, ఎత్తు తక్కువని ఒకసారి వెనక్కి పంపాడు. చివరికి ఒప్పుకున్నాక రోడ్నీ గొంతు తగ్గించి అడిగాడు.

“పలక మీద 260ఆర్‌ఎస్ అని వెయ్యొచ్చుగా?”

“నేను పలకలు కొడతానయ్యా, కథలు రాయను.”

తర్వాత కొన్నేళ్ళు, ఆర్‌ఎస్ ఫోర్ అని ఉన్న ఆ పలక మీద నూనె గుడ్డ ఒకటి ఎప్పుడూ వేలాడుతుండేది.

హొహెపా పోయాడు. ఊరందరి ముందూ ఎప్పుడో చెప్పి పెట్టాడట, తనని మరైకి, అంటే మావోరీల సభాస్థలికి, తీసుకెళ్ళేది శవాల్ని మోసే నల్లబండిలో కాదు, అల్లుడి బండిలోనేనని. శవపేటికని నలుగురు మనవలు మోసుకొచ్చి డిక్కీలోకి తోశారు. పేటిక సగం లోపలికి వెళ్ళి ఠక్కున ఆగింది. ఇనుప కడ్డీ.

రోడ్నీ నల్లకోటుతోనే డిక్కీలో దూరి, పానా పట్టుకుని బోల్టులతో కుస్తీ పట్టాడు. ఒక బోల్టు తుప్పు పట్టి కదలదు. మనవలు పేటికని వెనక్కి లాగి మోస్తూ నిలబడ్డారు. నైరీ బంధువు టామటి ఊరుకున్నాడు కాదు.

“ఏంటి బావా, 260ఆర్‌ఎస్‌లో చోటు లేదా?”

“ఇది 260ఆర్‌ఎస్ కాదు!” అని లోపల్నించి కేక పెట్టాడు రోడ్నీ. “ఎప్పుడూ కాదు! మామూలు ఆర్‌ఎస్ ఫోర్! చాలా? ఇప్పుడు తృప్తా?”

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నైరీ మేనత్త హురియా ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ డిక్కీలోకి వంగింది.

“మాకు తెలుసు నాయనా. మార్లీన్ ఆ సాయంత్రమే ఊరంతా చెప్పింది. మా అన్నయ్యే ఎవర్నీ అననివ్వలేదు. ‘వాడు చెబుతుంటే వినడానికి బావుంటుంది, చెప్పనివ్వండి’ అన్నాడు.”

రోడ్నీ చాలాసేపు డిక్కీలోంచి బయటికి రాలేదు. బోల్టు గట్టిగా ఉందన్నాడు. మేమూ అదే అనుకున్నట్టు నిలబడ్డాం. ఆ తర్వాత టామటి తనూ లోపలికి దూరి, ఇద్దరూ ఒకే పానా మీద బరువేసి దాన్ని ఊడబీకారు.

ఊరేగింపు నెమ్మదిగా సాగాలి. ఆ బండికి నెమ్మది రాదు. గేరు మార్చినప్పుడల్లా టర్బో పెద్దగా తుమ్మింది. మొదటి తుమ్ముకి అందరూ తల దించుకున్నారు. మరై గేటు దగ్గరికి చేరేసరికి వెనక కార్లలో ఆంటీలు ఏడుస్తూనే నవ్వుతున్నారు.

కడ్డీ మళ్ళీ బిగించలేదు. ఇప్పుడు పెళ్ళికీ చావుకీ, సోఫాలకీ ఈల్ చేపల పీపాలకీ బంధువులంతా ఆ బండినే అడుగుతారు. బ్యాడ్జీ కూడా తనే పీకేశాడు. అంతమాత్రాన మనిషి మారిపోయాడనుకోకండి. మొన్న కంచె దగ్గర నన్ను ఆపి చెప్పాడు, అసలైన 260ఆర్‌ఎస్ కొనేవాళ్ళకి బుద్ధి లేదట. కుటుంబం ఉన్నవాడికి ఆర్‌ఎస్ ఫోరే సరైనదట. అది తను మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాడట.