చూడకుండా చెప్పిన అంకె

ఇవాళ పొద్దున మాల్టు సిరప్ డబ్బాని వేడినీళ్లలో నిలబెట్టి, కాసేపాగి మూత తీశాను. గుప్పుమంది వాసన. బెల్లప్పాకం ముదిరేటప్పటి వాసనకి కాస్త వేయించిన గింజల వాసన కలిపితే ఇలా ఉంటుంది. ఇంట్లో బీరు చేసుకునేవాళ్లకి ఇది సగం వంట చేసిపెట్టిన సరుకు. బార్లీ మొలకెత్తించి, నానబెట్టి, రసం తీసే చాకిరీ అంతా ఫ్యాక్టరీవాళ్లే చేసేసి చిక్కటి పాకంగా డబ్బాలో పోసి ఇస్తారు. మనం నీళ్లలో కలిపి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేసి పులియబెట్టుకోవడమే. ఈ వాసన తగిలిందంటే నాకు సిడ్నీలో, గిరావీన్ పేటలో, కామేశం అంకుల్ గరాజ్ గుర్తొస్తుంది. ఆ వెంటనే సిగ్గేస్తుంది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకం హడలిపోతున్న రోజుల్లో నేను సిడ్నీ వచ్చాను. ఒక ఆఫీసులో ప్రోగ్రాముల్లో తేదీలు సరిచూసే ఉద్యోగం. అంకుల్ ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆయన గోదావరి జిల్లాలో చక్కెర ఫ్యాక్టరీ కెమిస్టుగా చేసి, నేను పలక పట్టక ముందే ఈ దేశం వచ్చి, ల్యాబుల్లోనే పనిచేసి రిటైరైన మనిషి. భార్య రాజ్యం ఆంటీది శనివారం ఉపవాసాలు, నిత్యపూజ. బీరు గరాజ్ గడప దాటి ఇంట్లోకి రాకూడదు. ఆ షరతు మీద వాళ్ల కాపురం ముప్ఫయ్యేళ్లు హాయిగా సాగింది. అంకుల్ తాగేది వారానికొక్క సీసా. ఆయన సరదా అంతా చెయ్యడంలోనే.

ఆయనకి సాయంగా గరాజ్‌లో దిగిన మొదటిరోజే నాకు అక్షింతలు పడ్డాయి. మరుగుతున్న గిన్నెలో సిరప్ పొయ్యబోతుంటే ఆయన పరుగెత్తుకొచ్చారు.

"ఒరేయ్ ఒరేయ్, ఆగు! స్టవ్ ఆపావా?"

"లేదంకుల్. మరుగుతోందిగా, పోసేస్తే పనైపోద్ది."

"పనైపోద్ది, గిన్నే పోద్ది! అది నీళ్లకంటే బరువురా. తిన్నగా అడుక్కి దిగి మాడి కూర్చుంటుంది. ముందు మంట ఆపు. పోసి, అడుగుదాకా కలుపు. అప్పుడు మళ్లీ వెలిగించు. ఇంత తొందరైతే షాపుకెళ్లి కొనుక్కో."

ఆయన దగ్గర హైడ్రోమీటర్ అని సన్నటి గాజు గొట్టం ఉండేది. బీరులో వేస్తే తేలుతుంది. ఈస్ట్ తీపిని తినేకొద్దీ అది కిందికి దిగుతుంది, దాని మీది అంకె తగ్గుతుంది. మూడు రోజులు వరసగా అంకె కదలకపోతేనే సీసాల్లో పొయ్యాలి. తీపి మిగిలుండగా మూత బిగిస్తే లోపలే పులిసి, గ్యాసు పట్టి, సీసా పేలిపోతుంది. ఆంటీ ఏకాదశి ఎంత నిష్ఠగా పాటించేవారో అంకుల్ ఈ మూడు రోజులూ అంత నిష్ఠగా పాటించేవారు.

ఆ నవంబరులో ఆయనకి ఒక కంటికి శుక్లాలు తీశారు. రెండోదానికి ఇంకా టైముంది. "గీతలన్నీ అలుక్కుపోతున్నాయిరా అబ్బాయ్. ఈసారి అంకె నువ్వే చూసి చెప్పాలి" అన్నారు. మొదటిరోజు చూశాను. పద్దెనిమిది. రెండోరోజు ఆఫీసునుంచి అలిసిపోయి వచ్చాను. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చున్న ఆయన "ఎంత?" అనడిగితే "పద్దెనిమిదే" అన్నాను. చూడలేదు. మూడోరోజూ అంతే.

"పద్దెనిమిదంటే ఇంకా కాస్త తీపున్నట్టే లెక్క. మాల్టు సిరప్‌తో చేసింది ఒక్కోసారి అక్కడే మొరాయిస్తుందిలే. మూడురోజులూ అదేనా? సరిగ్గా చూశావా?"

"చూశానంకుల్. కదల్లేదు."

నేను నిలబడ్డ చోటినుంచి గరాజ్ పది అడుగులు లేదు. ఆఫీసులో ఒక్కో తేదీని ఇద్దరు చూసి సంతకం పెడితేగానీ ఒప్పుకోని పెద్దమనిషిని నేను! శనివారం సీసాల్లో పోశాం. నురగ కోసం సీసాకొక చెంచా చక్కెర మాత్రం, నేను పక్కనుండి చూస్తుండగా, ఆయనే తడుముకుంటూ, ఎంతో ఓపిగ్గా వేశారు.

రెండు వారాల తరవాత, ఈ దేశంలో అది ఎండాకాలం, ఎండ మండిపోతోంది, మేం భోజనాల దగ్గరుండగా గరాజ్‌లో ఢామ్మని పేలింది. ఒకటి, ఇంకొకటి, వరసగా. వెళ్లి చూస్తే నేలంతా నురగ, గాజుపెంకులు. కారు అద్దం పగిలింది.

"మనిషి లోపలుంటే ఏమయ్యేదండీ? మీకు దణ్ణం పెడతా, ఇంక చాలు" అని ఆంటీ ఏడ్చేశారు.

అంకుల్ తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నారు. "వేసింది మర్చిపోయి రెండోసారి వేసుంటాను చక్కెర. కళ్లే అనుకున్నా. బుర్ర కూడా మసకబారుతోంది రాజ్యం" అన్నారు.

నేను చీపురు పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అంకె చూడలేదన్న ఒక్క మాట చాలు. వంగి పెంకులు ఊడవడం మొదలుపెట్టాను. ఆరోజు గది ఖాళీ చెయ్యమంటారేమోనని భయం. మర్నాడు చెబితే నిన్నెందుకు చెప్పలేదంటారని సిగ్గు. వారం గడిచేసరికి ఇంక చెప్పడానికి మొహం చెల్లలేదు.

జనవరి వచ్చింది. కంప్యూటర్లకి ఏమీ కాలేదు, నా కాంట్రాక్టు అయిపోయింది. మెల్‌బోర్న్ వెళ్లిపోతుంటే అంకుల్ ఆ గాజు గొట్టాన్ని తువ్వాల్లో చుట్టి నా చేతిలో పెట్టారు. "నీ దగ్గరుంచుకో. నీ చూపు నమ్మకమైంది. నా చేతిని ఇంక నేను నమ్మలేను." తీసుకున్నాను. థాంక్యూ అని కూడా అన్నాను, అదీ నా నిర్వాకం.

ఏళ్ల తరవాత మెల్‌బోర్న్‌లో కేరమ్ డౌన్స్ గుడిలో, సిడ్నీనుంచి వచ్చిన ఆంటీ కనిపించారు. అంకుల్ పోయి ఆర్నెల్లయిందట.

"రెండో కన్నూ బాగైంది నాయనా. అయినా గరాజ్ వైపు వెళ్లలేదు. మందుబిళ్లలు కూడా నన్నే లెక్కపెట్టమనేవారు. ఆ సీసాలు పేలిన దగ్గర్నుంచి తన మీద తనకే నమ్మకం పోయింది." అని కళ్లు తుడుచుకుని, "పులిహోర తిను, చల్లారిపోతోంది" అన్నారు.

తిన్నాను.

ఇప్పుడు నేను ప్రతిసారీ మూడురోజులూ వంగి, అంకె కళ్లారా చూసి రాసుకుంటాను. పదిహేనేళ్లుగా ఒక్క సీసా పేలలేదు. ఏం లాభం? ఆయనది ఒక్క చెంచా కూడా ఎక్కువ పడలేదని తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

ఇవాళ మంట ఆపి, సిరప్ పోసి, అడుగుదాకా కలిపి, మళ్లీ వెలిగించి మరిగించాను. ఇది చల్లారేలోపు ఆంటీకి ఫోను చేసి చెప్పెయ్యాలని, నంబరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడకి ఎనభై దాటాయి. ఇంకెన్నాళ్లు ఆగుతాను?

గిన్నె చల్లారింది. నంబరు నొక్కకుండానే లేచి, ఈస్ట్ వేసి మూత పెట్టేశాను.