త్వరగా ఓడిపోకుండా ఉండే పుస్తకం

భార్య పోయాక లిఫ్టు మెకానిక్ నాలుగు రోజులకే పనిలోకి వెళ్లిపోయాడు. "అందరినీ పైకి తెచ్చేవాడివి, నువ్వే ఇలా డీలా పడితే ఎలాగయ్యా" అని తోటివాళ్లు హాస్యమాడితే, నవ్వాల్సిన చోట నవ్వాడు. తింటే తిన్నట్టుండేది కాదు, పడుకుంటే పడుకున్నట్టుండేది కాదు. అలాగని బాధా లేదు. తిమ్మిరెక్కిన కాలులా ఉండేవి రోజులు, తనవే అయినా తనవి కానట్టు.

ఇంట్లో మిగిలింది కాలేజీ చదువుతున్న కూతురు. తండ్రీకూతుళ్ల మాటలన్నీ తల్లి మీదుగా నడిచినవే. "మీ నాన్న ఇలా అంటున్నారే", "అమ్మాయికి ఇది కావాలటండీ" అంటూ ఆవిడే అటూ ఇటూ మోసేది. ఇప్పుడు వాళ్లిద్దరి మధ్యా ఉన్నదల్లా సాయంత్రం పూట చదరంగం. అదీ ఎంతసేపు? ఇతను నాలుగు బంట్లు జరిపేలోపే ఆ పిల్ల మంత్రిని తెచ్చి రాజు నెత్తిన పెట్టేది. "ఆట కట్టు నాన్నా" అని లేచి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. ఆ పిల్ల ఎదురుగా ఇంకాస్త సేపు కూర్చుంటే చాలు. అంతకు మించి అతనికి ఏ కోరికా లేదు.

అందుకే పుస్తకాల షాపుకి వెళ్లాడు.

"చదరంగంలో ఆట మొదలుపెట్టడం నేర్పే పుస్తకం కావాలండీ."

"ఏ ఓపెనింగ్ మీద?" అన్నాడు షాపాయన. "ఒక్కోదానికీ ఒక్కో పుస్తకం ఉంది."

"అన్నీ కాస్త కాస్త ఉన్నదివ్వండి. మా అమ్మాయి ఎటునుంచి వస్తుందో నాకేం తెలుసు?"

షాపాయన ముందు ఒక పల్చటి పుస్తకం తీశాడు. "ఇది చూడండి. పదెత్తుల్లో గెలిచేయొచ్చు."

"అమ్మో, వద్దండీ. గెలవక్కర్లేదు. త్వరగా ఓడిపోకపోతే చాలు."

షాపాయన అతని మొహంలోకి ఓసారి చూసి, ఈసారి లావుపాటిది ఇచ్చాడు. మెకానిక్ అలవాటు కొద్దీ వెనకనుంచి తిప్పాడు. ఏ యంత్రం పుస్తకమైనా అసలు సరుకు చివర్లోనే ఉంటుంది: ఏది చెడితే ఏం చెయ్యాలో. ఇందులో ఆ పేజీలు లేవు. కానీ ప్రతి ఎత్తు కిందా అది ఎందుకు వెయ్యాలో రాసుంది. అదే కొన్నాడు. మధ్యాహ్నాలు లిఫ్టు మోటారు గదిలో కూర్చుని, పరీక్షకు వెళ్లే పిల్లాడిలా బట్టీ పట్టాడు.

ఒక సాయంత్రం ఆట సాగింది. రాజుని కోటలో పెట్టాడు, గుర్రాల్ని ముందుకు తెచ్చాడు. కూతురు తలెత్తింది.

"ఇవి నీ ఎత్తులు కావే. ఎక్కడ నేర్చుకున్నావు?"

"పుస్తకం కొన్నానమ్మా."

"నన్ను ఓడించడానికా?"

"కాదు. నువ్వు లేచి వెళ్లిపోకుండా ఉంటావని."

ఆ పిల్ల ఎత్తబోయిన మంత్రిని అక్కడే వదిలేసింది.

"పొద్దున్నుంచీ మెట్లెక్కి దిగి వస్తావు కదా నాన్నా. నాకోసం బలవంతాన కూర్చుంటున్నావనుకున్నా. త్వరగా ఆట కట్టేస్తే వెళ్లి పడుకుంటావని..."

వాళ్లమ్మే ఉంటే ఈ మాట ఏ పూటకాపూటే అటునుంచి ఇటు చేరేది. ఆవిడ లేదన్న సంగతి మెకానిక్‌కి అప్పుడు తెలిసింది.